రిజర్వు

ఇంగ్లీషు ‘రిజర్వు’ మాటకు మూలము లాటిను. వెనుకకు తీసి కాపాడుట దాని అర్థము. రైలులో చోటు రిజర్వయినదన్న మనకు సంతోషము. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము క్రింద అడవి రిజర్వయినదన్న పశువుల కాపరికి దారి మూసికొనినది. 1935లో వెలసిన రిజర్వు బ్యాంకు పేరునందున్నది నిలువధనము. మితభాషియైన అల్లుడును రిజర్వుడు మనిషియే. అత్తవారికి మాత్రము గర్విష్ఠి!

వార్తలు తెనిగించు మాకు చిక్కంతయు న్యాయస్థానముతోనే. తీర్పు రిజర్వు చేసిరన్న, వాదములు ముగిసినవి, తీర్పు పిమ్మట వెలువడునని భావము. ఒక పొలము తగవును గూర్చి నేనొకప్పుడు తొందరలో ‘తీర్పును నిలిపివేసిరి’ అని వ్రాసితిని. అది స్టే అగును గదా! నాలుగవనాడు కార్డు వచ్చినది: ‘అయ్యా, తీర్పు ఆగినదని రేడియోలో వింటిమి. ఇక మా పొలము దున్నుకొనవచ్చునా?’