జ్యోతి ప్రజ్వలన ఫొటో ఒక్కటే చాలదు



పత్రిక జిల్లా డెస్కులో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. కళాకారులూ, ఫొటోగ్రాఫర్లూ, మీ దగ్గర్నుంచి మాకు వచ్చే ఫొటోల్లో ఎక్కువ ఒకటే రకం: జ్యోతి వెలిగించే ముఖ్య అతిథి, వెనక వరసగా తలలు. అసలు కళాకారుడిది ఓ మూల సగం భుజం మాత్రం కనిపిస్తుంది. అది సింగిల్ కాలమ్‌లో పడితే గొప్పే.

1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన విజయనగరం ఇది. కళకు కొదవా? దగ్గర్లోని బొబ్బిలి వీణనే తీసుకోండి. ‘‘బొబ్బిలి వీణ ప్రపంచ ప్రఖ్యాతం’’ అని విలేకరికి ఫోన్ చేస్తే ‘‘తెలుసండీ’’ అని పెట్టేస్తాడు. అందులో వార్తేముంది మరి! అదే, ‘‘గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు కదా, అంత లావు మాను ఎక్కడ దొరుకుతోందో, ఎంత పెట్టి కొంటున్నారో అడిగాను. సన్మానాల్లో ఇచ్చే బుల్లి వీణలు సరే, వాయించే వీణ పనికి కుర్రాళ్లు కూర్చుంటున్నారో లేదో చూశాను. రేపు పొద్దున కొత్త మొద్దు మీద ఉలి పెడుతున్నారు, వస్తారా?’’ అనండి. బండి తీస్తాడు.

ఆ ఫోన్ కూడా పొద్దుటే చెయ్యాలి. సాయంత్రం వార్తలు పంపే హడావిడిలో సాక్షాత్తూ త్యాగరాజస్వామి చేసినా ఎత్తడు. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు, అచ్చయినదాన్ని బట్టే డబ్బు. సొంత పెట్రోలు పోసుకుని వచ్చేవాణ్ని నాలుగు చోట్లకు తిప్పకండి. మనిషీ, పనీ, ఫొటో ఒకేచోట దొరకాలి.

ఫొటోగ్రాఫర్లకు రెండు ముక్కలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అడ్డం ఒకటి, నిలువు ఒకటి ఉండాలి. పేజీలో చోటు ఎలా మిగులుతుందో రాత్రిదాకా మాకే తెలియదు. ఎడమ నుంచి ఎవరెవరో, ఏ ఊరో, ఎప్పుడు తీశారో రాయండి. ఫొటో మీద అడ్డంగా స్టూడియో పేరు కొడితే మేం వాడలేం. అలాగని పేరు వదులుకోకండి, కింద వెయ్యమని నోరు తెరిచి అడగండి. మీ అంతట మీరు తీసిన ఫొటోకు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తొలి హక్కుదారు మీరే. ఒకరి దగ్గర డబ్బు తీసుకుని తీస్తే లెక్క వేరు.

ప్రెస్ నోట్ అందరికీ పంపండి. వీణ మొద్దు లాంటి కథనం మాత్రం ఒక్క విలేకరికే చెప్పండి. ఆయన నానుస్తుంటే, ఇంకొకరికి ఇస్తున్నానని చెప్పి మరీ ఇవ్వండి.

వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.