దరఖాస్తు గడికి రెండు తనిఖీలు



కోల్‌కతా మహానగరానికి తూర్పు అంచున గల సాల్ట్ లేక్‌లో ఒక తెలుగు కుటుంబం నివసిస్తున్నదనుకుందాం. ఆ ఇంటి బాలిక విద్యార్థి వేతనం కోసం కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తు నింపుతున్నది. ‘జిల్లా’ అన్న గడిలో ఆమె తన జిల్లా పేరు సరిగానే రాసింది: ఉత్తర 24 పరగణాలు. వెంటనే గడి చుట్టూ ఎర్రగీత పడింది. ‘అక్షరములు మాత్రమే వ్రాయవలెను’ అన్న ఆజ్ఞ వెలువడింది. జిల్లా పేరులో అంకెలు ఉండవని ఆ నిబంధన రాసినవారు భావించారు. సాల్ట్ లేక్ ఉన్న జిల్లా పేరులోనే అంకె ఉన్నది. 1757లో మీర్ జాఫర్ ఈస్టిండియా కంపెనీకి ఇరవైనాలుగు పరగణాల జమీందారీ ఇచ్చిన నాటి నుంచి ఆ పేరు నిలిచి ఉన్నది. 1986లో ఆ జిల్లాను ఉత్తర, దక్షిణ భాగాలుగా విభజించినప్పుడు కూడా ఆ అంకె చెదరలేదు.

ఈ ఉదాహరణ ఊహించినదే అయినా, ఇందులోని చిక్కు ఊహ కాదు. ఫారంలోని ప్రతి గడికీ వెనుక ఒక నిబంధన ఉంటుంది. ఏది స్వీకరించాలో, ఏది తిరస్కరించాలో అది నిర్ణయిస్తుంది. కాగితపు దరఖాస్తుల కాలంలో గుమాస్తా కళ్ళద్దాలు సవరించుకుని, ‘ఇదేమిటమ్మా?’ అని అడిగి, సమాధానం విని ముద్ర వేసేవాడు. కంప్యూటరు గడి ప్రశ్నించదు, సమాధానం వినదు. దాని నిబంధన తప్పయితే యోగ్యురాలైన విద్యార్థినికి వేతనం అందదు, వృద్ధునికి పింఛను ఆగిపోతుంది. కావున ఆ నిబంధనలను ఎక్కడ, ఏ విధంగా అమర్చాలన్నది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఈ చర్చకు సాల్ట్ లేక్ తగిన చోటు. బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజులలో, 1962లో, హుగ్లీ నది ఒండ్రును గొట్టాల ద్వారా తరలించి ఉప్పునీటి బురదనేలను పూడ్చే పని మొదలయింది. ఆ పని చేసినది నాటి యుగోస్లావియా దేశపు సంస్థ. పట్టణానికి రూపకల్పన చేసినవాడు బెల్‌గ్రేడ్ వాస్తుశిల్పి దోబ్రివోయె తోష్కోవిచ్. రాయ్ పేరిటనే దీనికి బిధాన్‌నగర్ అన్న అధికార నామం వచ్చింది. ఇక్కడి అయిదవ సెక్టారు తూర్పు భారతంలో సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు పెద్ద నెలవు. సీ-డాక్ వారి కోల్‌కతా కేంద్రం కూడా అక్కడే ఉన్నది. దేశం నలుమూలలవారు నింపే ఫారాలకు నిబంధనలు రాసే చేతులు ఇక్కడ అనేకం. ఆ చేతులు తమ ఊరి చిరునామానే ఒకసారి పరికించి చూస్తే చాలా సంగతులు బోధపడతాయి.

సాల్ట్ లేక్ చిరునామాలో సాధారణంగా వీధి పేరు ఉండదు. పట్టణమంతా ఏ.ఏ., ఏ.బి., బి.ఎఫ్. వంటి జంట అక్షరాల బ్లాకులుగా ఏర్పడి ఉన్నది. బ్లాకు అక్షరాలు, వాటి పక్కన ఇంటి సంఖ్య, అంతే. ‘వీధి పేరు తప్పనిసరి’ అన్న ఫారం ఎదురయితే ఇక్కడి గృహస్థు బ్లాకు పేరునే రెండుమార్లు రాసి గట్టెక్కుతాడు. ‘ఇంటి సంఖ్యలో అంకెలే ఉండాలి’ అంటే గట్టెక్కే మార్గం కూడా ఉండదు. ఇక పిన్‌కోడు సంగతి. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి అంకె ఎన్నడూ సున్న కాదు. తెలుగు రాష్ట్రాలది 5, బెంగాలుది 7. కనుక ‘ఆరంకెలు, మొదటిది సున్న కాకూడదు’ అన్న నిబంధన నిర్దుష్టమైనది. అంతటితో ఆగని కార్యక్రమకర్త, 700తో మొదలయితే జిల్లా కోల్‌కతాయే అని తేల్చి గడిని తానే నింపుతాడు. సాల్ట్ లేక్ పిన్‌కోడు 700064. జిల్లా మాత్రం కోల్‌కతా కాదు. తపాలా శాఖ గీసిన గీతలూ, రెవెన్యూ శాఖ గీసిన గీతలూ ఒకటే కావాలని ఎవరూ శాసించలేదు కదా!

ఇక తనిఖీ ఎక్కడ జరగాలన్న ప్రశ్న. ఇందుకు రెండు స్థానాలు ఉన్నాయి. మొదటిది దరఖాస్తుదారు కంప్యూటరులోనో, చేతిలోని ఫోనులోనో పనిచేసే బ్రౌజరు. రెండవది దూరాన ఉండి సమాచారాన్ని స్వీకరించి భద్రపరచే సర్వరు. వెబ్ తొలి రోజులలో తనిఖీ అంతా సర్వరులోనే సాగేది. ఒక గడి ఖాళీగా వదలినా ఆ సంగతి తెలియడానికి ఫారం మొత్తం దూరం పోయి తిరిగి రావలసి వచ్చేది. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టు భాషను రూపొందించిన తరువాత, గడులను బ్రౌజరులోనే సరిచూడటం వాడుకలోకి వచ్చింది. 2014లో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్5 లో ‘తప్పనిసరి’, ‘ఇన్ని అక్షరాలకు మించరాదు’, ‘ఈ ఆకృతిలోనే ఉండాలి’ అన్న షరతులను గడికే నేరుగా తగిలించే వీలు కల్పించారు.

బ్రౌజరులోని తనిఖీ దరఖాస్తుదారుకు చేసే ఉపకారం. దానిని కాపలా అనుకోరాదు. ఏ షరతు అయినా బ్రౌజరులో ఉన్నంతసేపు దరఖాస్తుదారు అధీనంలోనే ఉంటుంది. కాస్త నేర్పరి అయినవాడు జావాస్క్రిప్టును ఆపివేయగలడు, బ్రౌజరు ప్రమేయం లేకుండానే సర్వరుకు తోచినది పంపగలడు. కాబట్టి బ్రౌజరు ఏమి చూచినా చూడకపోయినా, సర్వరు ప్రతి గడినీ మళ్ళీ మొదటి నుంచి చూడవలసిందే. ఒకే ఆధార్ సంఖ్యతో రెండు దరఖాస్తులు వచ్చాయా, గడువు తేదీ దాటిందా వంటి విషయాలు సర్వరుకు తప్ప మరెవరికీ తెలిసే అవకాశమే లేదు.

ఒకే విషయాన్ని వేర్వేరుగా రెండుసార్లు చూడటం కోల్‌కతాకు కొత్త కాదు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థ బెంగాలు జనుము పంట సర్వేలలో ఒక పద్ధతిని అనుసరించింది. ఒకే ప్రాంతం నుంచి రెండు స్వతంత్ర నమూనాలు తీసి, వేర్వేరు బృందాలను పంపేవారు. ఇద్దరి లెక్కల మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఎక్కడో పొరపాటు ఉన్నదని గ్రహించేవారు. పంచ్ కార్డుల కాలంలో కూడా ఒకరు కొట్టిన కార్డును మరొకరు ‘వెరిఫయర్’ యంత్రం మీద తిరిగి కొట్టేవారు. రెండూ సరిపోతేనే ఆ కార్డు లెక్కకు వెళ్ళేది. ఇదంతా ఎంత శ్రమ!

రెండుచోట్ల తనిఖీ ఉన్నప్పుడు పుట్టే అసలు చిక్కు, ఆ రెండూ ఒకదానితో ఒకటి ఏకీభవించకపోవడం. బ్రౌజరు సరేనన్నదానిని సర్వరు కాదంటుంది, లేదా సర్వరు నిరభ్యంతరంగా స్వీకరించేదానిని బ్రౌజరు దాని వరకు చేరనివ్వదు. ‘ఆరంకెలు’ అన్న ఆకృతిని హెచ్‌టీఎంఎల్ గడికి తగిలిస్తే అది గడిలోని మొత్తం రాతకు వర్తిస్తుంది. అదే ఆకృతిని సర్వరులో ఆద్యంతాల గుర్తులు లేకుండా రాస్తే, ఏడంకెల సంఖ్యలో కూడా ఆరంకెలు కనిపిస్తాయి కనుక అది తృప్తిపడి లోపలికి పంపుతుంది. ‘అంకె’ అన్న మాటకు కూడా అర్థభేదం ఉన్నది. జావాస్క్రిప్టు సంకేతంలో అంకె అంటే 0 నుంచి 9 వరకే; పైథాన్ 3లో అదే సంకేతం తెలుగు అంకెలనూ, బెంగాలీ అంకెలనూ అంగీకరిస్తుంది. ఇటువంటి తేడాలు రాకుండా నిబంధనలను ఒకేచోట రాసి ఉంచి, బ్రౌజరూ సర్వరూ రెండూ ఆ ప్రతినే చదివేటట్లు ఏర్పాటు చేయడం మేలు. ఆ ప్రతిలో ఆద్యంతాలను స్పష్టంగా పేర్కొనాలి. అంకెలను ముందుగా ఒకే లిపిలోకి మార్చి ఆ పిమ్మటనే తూచాలి.

భారతీయ భాషల విషయంలో ఈ వైరుధ్యం మరింత తీవ్రం. ‘శ్రీనివాస్’ అన్న పేరునే తీసుకుందాం. పలికేవాని చెవికీ, రాసేవాని చేతికీ అది నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో శకారం, విరామం, రేఫ, దీర్ఘం ఇలా విడివిడిగా లెక్కించగా పది సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున ముప్ఫై బైట్లు. గడి పొడవు ఇరవై అని రెండుచోట్లా రాసి ఉన్నదనుకోండి. బ్రౌజరు సంకేతాలను లెక్కించి పదే కదా అని పంపుతుంది. బైట్లను లెక్కించే డేటాబేసు ముప్ఫై అయ్యాయని నిరాకరిస్తుంది. ‘శ్రీనివాస్’ అని ఆంగ్ల లిపిలో రాసినవానికి ఈ అవస్థ లేదు. మాతృభాషలో రాసినందుకు పడే జరిమానా ఇది.

‘ఏ భాష అక్షరాలనైనా స్వీకరించుము’ అని ఉదారంగా నిబంధన రాసినవారు కూడా ఒక్కొక్కసారి బోల్తాపడతారు. యూనికోడ్ వర్గీకరణలో అచ్చులు, హల్లులు అక్షరాలు. గుణింతపు గుర్తులూ, విరామమూ వేరే వర్గానికి చెందిన చిహ్నాలు. అక్షరాల వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే తలకట్టుతో నిలిచే ‘కమల’ లోపలికి వెళుతుంది, ‘కావేరి’ గుమ్మం బయటనే ఉండిపోతుంది. ‘రాజ్‌కుమార్’ వంటి పేరులో ‘జ్’ కింద ‘క’ ఒత్తుగా చేరకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక సంకేతం మధ్యలో ఉంటుంది. అదృశ్య సంకేతాలన్నీ అనుమానాస్పదమని తొలగించే నిబంధన ఆ పేరును వికారం చేస్తుంది. బెంగాలీలో ‘య’ కింద చుక్క గల అక్షరానికి యూనికోడ్‌లో రెండు రూపాలు ఉన్నాయి: ఒకటి ఏక సంకేతం, రెండవది ‘య’, చుక్క కలిసిన జంట. తెర మీద రెండూ ఒకటే, యంత్రానికి రెండూ వేరు. పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపానికి తేకపోతే, ఒకే మనిషి రికార్డులలో ఇద్దరు అవుతాడు.

పేర్ల విషయం వచ్చింది కనుక కోల్‌కతాకూ తెలుగువారికీ సమానంగా చెందిన ఒక మహనీయుని పేరు పరిశీలిద్దాం. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో భారత గణాంక సంస్థలో అడుగుపెట్టి, దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడ పనిచేశారు. ప్రపంచం ఆయనను సి.ఆర్. రావుగా ఎరుగును, 2023లో, ఆయన కన్నుమూసిన సంవత్సరంలోనే, అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయనను వరించింది. ఆ పేరులో ఇంటిపేరు ‘రావు’ కాదు, ‘కల్యంపూడి’. అది మొదట వస్తుంది, పైగా పొడి అక్షరంగా కుదించి రాయడమే తెలుగువారి ఆచారం. ‘మొదటి పేరు, చివరి పేరు, పొడి అక్షరాలు పనికిరావు’ అని శాసించే ఫారం ముందు ఇటువంటి పేరుగల తెలుగువాడు ఏమి చేయాలి? ఒకచోట రావును ఇంటిపేరుగా రాస్తాడు, మరొకచోట కల్యంపూడిని. ఆదాయపు పన్ను శాఖ వారి పాన్ సంఖ్యలో అయిదవ అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. పేరు ఎలా విడగొట్టి రాశాడన్న దానిపై ఆ సంఖ్య రూపమే ఆధారపడుతుంది. ఆధార్‌లో పేరంతటికీ ఒకటే గడి. ఈ రెండింటినీ జతపరచబోయినప్పుడు సరిపోలడం లేదన్న జవాబు ఎందరికో ఎదురయింది.

ఈ బాధ తెలుగువారికి మాత్రమే పరిమితం అనుకోవడం సంకుచితత్వం. తమిళుని పేరు ముందు తండ్రి పేరులోని పొడి అక్షరం ఉంటుంది. అతనికి ఇంటిపేరే ఉండకపోవచ్చు. కోల్‌కతా ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలలో ‘ఓ’బ్రయన్’ వంటి పేర్లలో విడుపు గుర్తు వస్తుంది. ఆ గుర్తుతో డేటాబేసుకు హాని కలిగించవచ్చునన్న భయంతో కొందరు దానిని పూర్తిగా నిషేధిస్తారు. భయానికి కారణం లేకపోలేదు. గడిలో ఆజ్ఞలు చొప్పించి డేటాబేసును వశం చేసుకునే దాడి గురించి 1998 నుంచే బహిరంగ చర్చ ఉన్నది. దానికి సరియైన విరుగుడు, ఆజ్ఞనూ సమాచారాన్నీ కలిపి కుట్టకుండా డేటాబేసుకు విడివిడిగా అందించడం. అది సర్వరులో చేయవలసిన పని. దానికి బదులు గడిలో గుర్తును నిషేధిస్తే దొంగ వేరే దారిన వస్తాడు, ఓ’బ్రయన్ మాత్రం వీధిలో నిలబడతాడు.

కఠినంగా ఉండవలసిన చోట కఠినంగానే ఉండాలి. ఆధార్ సంఖ్యలోని పన్నెండవ అంకె, మిగిలిన పదకొండింటి నుంచి లెక్కగట్టినది. డచ్చి గణితజ్ఞుడు వెర్‌హోఫ్ 1969లో ప్రకటించిన సూత్రం దానికి ఆధారం. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైనా ఆ లెక్క తప్పక పట్టుకుంటుంది. ఇటువంటి తనిఖీ బ్రౌజరులోనే జరిగితే దరఖాస్తుదారు అక్కడికక్కడే సరిదిద్దుకుంటాడు. సంఖ్యలను మనుష్యులే ఒక పద్ధతిలో నిర్మించారు కనుక వాటిని ఆ పద్ధతితోనే కొలవవచ్చు. పేర్లనూ చిరునామాలనూ ఏ కమిటీ నిర్మించలేదు. పేరు గడికి ‘ఖాళీగా ఉండరాదు, ఇంత పొడవు మించరాదు’ అన్న రెండు షరతులే సాధారణంగా చాలును. దానిని మూడు ముక్కలు చేయకుండా ఒకే గడిగా ఉంచడం మరీ మంచిది. జిల్లా పేరును చేత రాయించనే కూడదు, సర్కారు జాబితా నుంచి ఎన్నుకోనివ్వాలి; సర్వరు కూడా అదే జాబితాతో సరిచూడాలి. తిరస్కరించినప్పుడు ‘చెల్లదు’ అని ఊరుకోకుండా, ఏ గడిలో ఏమి కావాలో దరఖాస్తుదారు భాషలోనే తెలపాలి. అంతవరకు నింపిన గడులను చెరిపివేయరాదు.

బెంగాలులో తెలుగు దరఖాస్తులు ఎవరు నింపుతారని అనుకోవలసిన పనిలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించింది. అటువంటి ఫారాన్ని ప్రజలకు విడుదల చేసే ముందు, అయిదవ సెక్టారులో పరీక్షించేవారు నాలుగు పేర్లు దగ్గర ఉంచుకుంటే మంచిది: ‘క. రాధాకృష్ణారావు’ అని పొడి అక్షరంతో ఒకటి, ‘రాజ్‌కుమార్’ అని అదృశ్య సంకేతంతో ఒకటి, చుక్క ‘య’ గల బెంగాలీ పేరు రెండు రూపాలలోనూ, విడుపు గుర్తు గల ఓ’బ్రయన్. జిల్లా గడిలో ఉత్తర 24 పరగణాలు, పిన్‌కోడు గడిలో 700064. మొదట బ్రౌజరు నుంచి, ఆ తరువాత బ్రౌజరును పక్కకు తప్పించి నేరుగా సర్వరుకు, వీటిని పంపి చూడాలి.