మచ్చ కనబడితే జబ్బు తిరగబెట్టినట్టేనా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఎనిమిదో తరగతిలో సైన్సు సారు అట్ట కింద అయస్కాంతం పెట్టి, పైన ఇనుప రజను చల్లించారు. ఆ గీతలు చూసి నోరు తెరిచిన పిల్లవాడు ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎమ్మారై యంత్రాలు బిగించి బాగుచేస్తున్నాడు. అయస్కాంతాన్ని వదల్లేదన్నమాట. డాక్టరును కాను, వైద్యం చెప్పను. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా బావగారిది మిర్యాలగూడలో రైసుమిల్లు. కాలేయంలో గడ్డకు హైదరాబాద్‌లో రేడియేషన్ ఇచ్చారు. మూడు నెలలయ్యాక, దగ్గర కదా అని ఇంకో ఊళ్లో స్కాన్ తీయించాం. గడ్డ ఉన్నచోట అంతకంటే పెద్ద మచ్చ! మా అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తిరగబెట్టిందనే అందరం అనుకున్నాం. ఏళ్ల తరబడి ఆ యంత్రాల మధ్యే ఉంటున్న నేను కూడా.

రేడియేషన్ గడ్డ దగ్గరే ఆగదు. చుట్టూ ఉన్న మంచి కాలేయానికీ కొంత దెబ్బ తగులుతుంది. అది కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలల లోపు బయటపడుతుంది. సరిగ్గా మనం స్కాన్ తీయించే రోజులే అవి. దెబ్బ కాలేయమంతటా పడితే కడుపులో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. చిన్న భాగానికైతే మిగతా కాలేయం నెట్టుకొస్తుంది.

హైదరాబాద్ డాక్టరు కాంట్రాస్టుతో ఎమ్మారై చేయించమన్నారు. కాంట్రాస్టు అంటే చేతి నరానికి ఎక్కించే మందు. అందులో గడోలినియం అనే లోహం ఉంటుంది. అది చేరినచోట చిత్రం తెల్లబడుతుంది. మామూలు రకం రక్తంలో తిరిగి మూత్రంలో పోతుంది. గడాక్సిటేట్ అనే రకాన్ని మాత్రం కాలేయ కణాలు లోపలికి లాక్కుంటాయి. సుమారు సగం పైత్యరసంతో బయటికి పోతుంది.

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారనుకోండి. పారుతున్నంతసేపూ ఏ మడి తాగిందో తెలియదు. ఆగి చూస్తే తాగిన మడి తడిగా, తాగనిది పొడిగా ఉంటుంది. ఇక్కడా మందు ఎక్కించి 20 నిమిషాలు ఆగి బొమ్మ తీస్తారు. బాగున్న కాలేయం తెల్లగా వస్తుంది. రేడియేషన్ దెబ్బ తిన్నచోట కణాలు మందు తీసుకోలేవు, నల్లగా మిగులుతుంది.

చిక్కేమిటంటే, క్యాన్సర్ గడ్డ కూడా చాలాసార్లు నల్లగానే కనబడుతుంది. అందుకని ఆకారం చూడాలి. గడ్డ సాధారణంగా ముద్దలా పెరిగి పక్కనున్న రక్తనాళాలను తోస్తుంది. రేడియేషన్ మచ్చ కిరణాలు పోయిన దారినే పరుచుకుంటుంది, నాళాలు దాని గుండా మామూలుగానే పోతాయి. డోసు ఎక్కడ ఎంత పడిందో గీసిన ప్లాన్‌ను డాక్టరు ఈ బొమ్మ పక్కన పెట్టి చూపించారు. మచ్చ అంచు, డోసు గీత దాదాపు కలిసిపోయాయి. లోపలి అసలు గడ్డ చిన్నదైంది.

మొదటి స్కాన్ తీసినవాళ్లను తప్పు పట్టను. రేడియేషన్ ఇచ్చిన సంగతే మేం వాళ్లకు చెప్పలేదు. మనవాళ్లందరిదీ ఇదే కథ. చికిత్స హైదరాబాద్‌లో అవుతుంది. స్కాన్‌కు సూర్యాపేట వాళ్లొక చోటికి పోతే, కోదాడ వాళ్లు ఖమ్మమో విజయవాడో పోతారు. ఫైలు ఒక ఊళ్లో, మనిషి ఒక ఊళ్లో. ఏ తేదీన, ఏ భాగానికి, ఎన్ని గ్రేల డోసు ఇచ్చారన్న కాగితం, పాత స్కాన్ సీడీలు వెంట ఉంచుకోండి. కిడ్నీ జబ్బున్నా, ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. ఒక మాట: కామెర్లు ఎక్కువున్నా, కాలేయం బాగా గట్టిపడినా ఈ మందు సరిగా ఎక్కదు, బొమ్మ అంత స్పష్టంగా రాదు.

ఆర్నెల్లకు తీసిన స్కాన్‌లో బావగారి మచ్చ కొంత ముడుచుకుంది. ఊరికి తిరిగొస్తూ నార్కట్‌పల్లిలో, అద్దంకి రోడ్డు మలుపు దగ్గర టీకి ఆగాం. "ఏం బామ్మర్దీ, ఆ ఎండిన మడికి మళ్లీ నీళ్లెక్కుతాయా?" అన్నాడు. కొంత ఎక్కుతుంది బావా, కొంత ఎండిపోయి ముడుచుకుపోతుంది అన్నాను. "రెండో పంట పోయినా పర్లేదు పో" అని ఇంకో టీ చెప్పాడు.

సెలవు.