ఏ టమాటా పెడదాం? - విత్తనం, స్త్రీలు, నిర్ణయాధికారం

(మంచాలలో మహిళా రైతులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వానాకాలం పంటకు నారు పోసే రోజులు దగ్గరపడ్డాయి. ఈసారి చెలకలో ఏ టమాటా పెట్టాలన్నది ఇవాళ్టి మన చర్చనీయాంశం. గృహహింస, కూలి రేట్లు, ఆస్తి హక్కు లాంటి విషయాలు మాట్లాడుకునే చోట టమాటా రకాల గురించి చర్చ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఇదీ హక్కుల ప్రశ్నే. రకం నిర్ణయమైన రోజునే ఆ పంటకు ఎన్నిసార్లు మందు కొట్టాలో, ఎన్ని కర్రలు పాతాలో, ఎంతమంది ఎన్ని రోజులు నడుం వంచి కాయ తెంపాలో, పెట్టుబడికి ఎంత అప్పు తేవాలో, చివరికి ఇంట్లో చారులోకి ఏ కాయ వస్తుందో చాలావరకు నిర్ణయమైపోతుంది. ఈ పనుల్లో ఎక్కువ భాగం చేసేది స్త్రీలు. నిర్ణయం మాత్రం విత్తనాల దుకాణం ముందు మగవాళ్ల మధ్య జరిగిపోతోంది. శ్రమ ఒకరిది, నిర్ణయం మరొకరిది అయిన ఈ పరిస్థితిని మనం పరిశీలించాలి.

ఈ ప్రాంతానికి భూపోరాటాల చరిత్ర ఉంది. 1980లలో ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం వెట్టికి వ్యతిరేకంగా, భూమి కోసం పోరాడింది. ఆ ఉద్యమంలో పనిచేసిన గీతా రామస్వామి 2022లో ఇంగ్లీషులో వెలువడిన తన జ్ఞాపకాలలో ఆ సంగతులు రాశారు. భూమి ఎవరిది అన్నది ఆనాటి ప్రశ్న. ఆ ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. 2025లో ఏర్పడిన ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ పరిధిలోకి మంచాల మండలంలోని కొన్ని గ్రామాలు కూడా వచ్చాయి. హద్దురాళ్లు పాతిన ప్లాట్ల మధ్య మిగిలిన చెలకలో, బోరు పోసినన్ని నీళ్లతో, పట్నం మార్కెట్టును నమ్ముకుని కూరగాయలు పండిస్తున్నాం. అందుకే ఆ పాత ప్రశ్నకు ఇంకొకటి కలిసింది: ఈ భూమిలో వేసే విత్తనం ఎవరిది?

'నాటు' అంటే ఏమిటి?

మొదట మాటల అర్థం తేల్చుకుందాం. టమాటా మన దేశపు పంట కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, మెక్సికోలో సాగులోకి వచ్చి, యూరప్ మీదుగా పోర్చుగీసువారి ద్వారా ఇక్కడికి చేరింది. మనవాళ్లు దానికి రామములగ అని, కొన్నిచోట్ల తక్కాళి అని పేర్లు పెట్టుకున్నారు. వచ్చిన పంటను మన నేలకు, మన ఎండకు, మన నాలుకకు తగినట్టు ఏటా మంచి కాయ చూసి గింజ తీసి నిలుపుకున్నారు. కాబట్టి 'నాటు' అన్న మాటను పుట్టుకకు సంబంధించిన స్వచ్ఛతగా తీసుకోకూడదు. ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారుతూ వచ్చిన ఎంపికే నాటుతనం.

ఈనాడు మన ముందు మూడు రకాల విత్తనాలున్నాయి. ఒకటి ఇళ్లలో నిలుపుకున్న నాటు విత్తనం. రెండోది ప్రభుత్వ పరిశోధనా సంస్థలు విడుదల చేసిన సూటి రకాలు - పూసా రూబీ, అర్కా వికాస్, వర్షాధారానికి అర్కా మేఘాలి, పి.కె.ఎం.-1 లాంటివి. వీటి గింజను కూడా తీసి మళ్లీ వేసుకోవచ్చు. మూడోది హైబ్రిడ్. దాని గింజ తీసి వేస్తే రెండో తరంలో మొక్కలు తలా ఒక తీరుగా వస్తాయి. అందుకే ఏటా కొనవలసిందే.

పి.కె.ఎం.-1 కథ మనం తెలుసుకోదగ్గది. తమిళనాడులోని పెరియకుళంలో శాస్త్రజ్ఞులు దాన్ని 'అన్నంజి' అనే స్థానిక రకం నుంచి తయారుచేశారు. విడుదలైన రకానికి సంస్థ పేరు దక్కింది. ఆ అన్నంజిని అంతకుముందు ఏళ్ల తరబడి ఎంపిక చేసి నిలిపిన చేతులు ఎవరివో మనం వినలేదు. ఇంటిపని లెక్కలోకి రానట్టే విత్తనం పని కూడా లెక్కలోకి రాదు.

హైబ్రిడ్ విత్తనం కూడా స్త్రీల చేతుల్లోనే తయారవుతోంది. ప్రతి మొగ్గనూ చేత్తో విప్పి, అందులోని మగభాగాన్ని తీసేసి, మరో రకం పుప్పొడిని అద్దాలి. కర్ణాటకలోని రాణెబెన్నూరు ప్రాంతంలో ఈ పనికి పెద్దయెత్తున స్త్రీలను పెట్టుకుంటారు. మన గద్వాల, కర్నూలు ప్రాంతాల పత్తి విత్తన క్షేత్రాల్లో ఇదే పనికి ఆడపిల్లల్ని బడి మాన్పించి పెట్టిన సంగతి మనలో చాలామందికి తెలుసు. కంపెనీ పొట్లంలో ఉన్నదీ స్త్రీ శ్రమే. తేడా ఏమిటంటే, ఆ విత్తనం మీద ఆమెకు కూలి తప్ప మరే హక్కూ లేదు.

కుండ నుంచి ట్రే దాకా

ఒకప్పుడు విత్తనం ఇంట్లో, బూడిద కలిపిన కుండలో ఉండేది. తాళంచెవి లేకపోయినా దాని మీద అధికారం ఇంటి ఇల్లాలిది. ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఆడవాళ్ల మధ్యనే జరిగేది. 1988 విత్తన విధానం కూరగాయల విత్తనాల దిగుమతికి, ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. విత్తనం కుండలోంచి పొట్లంలోకి వెళ్లింది. పొట్లం కొనడానికి పట్నం పోయేది, అప్పు రాయించుకునేది మగవాళ్లు. ఇప్పుడు ఇంకో మెట్టు దాటాం. నర్సరీ నుంచి ట్రేలలో నారే వస్తోంది. స్త్రీ ఇప్పుడు గింజను చూడటం లేదు, నారును నాటుతోంది. ఆ నారు ఏ రకమో చాలాసార్లు ఆమెకు ఎవరూ చెప్పరు కూడా.

ఇందాక ఒక అక్క అడిగింది: "నాటు పెడితె రోగమొస్తది, హైబ్రిడ్ పెడితె అప్పొస్తది. మేమేం పెట్టాలె మేడం?" ఈ ప్రశ్నను మనం దాటవేయకూడదు. తెల్లదోమ వల్ల వచ్చే ఆకుముడత తెగులుకు నాటు తోటలు, పాత సూటి రకాలు తేలిగ్గా లొంగిపోతాయి. దూరపు మార్కెట్టుకు గట్టి తోలు కాయే కావాలి. నాటు కాయ లారీ కుదుపులకు పగులుతుంది. ప్రభుత్వ సంస్థలు తెచ్చిన హైబ్రిడ్లలో అర్కా రక్షక్ లాంటివి మూడు తెగుళ్లను తట్టుకుంటాయి. వీటిని పెట్టేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. పిల్లల ఫీజు కట్టాల్సిన తల్లిని పట్టుకుని నువ్వు నాటు విత్తనం వదిలేశావని నిందించే హక్కు మనకు లేదు.

ఇక్కడ స్త్రీవాదులలో జరిగిన ఒక చర్చను గుర్తుచేస్తాను. స్త్రీకీ ప్రకృతికీ సహజమైన బంధం ఉందని, విత్తనాన్ని కాపాడేది స్త్రీయేనని 1980ల చివర్లో వందనా శివ బలంగా వాదించారు. 1992లో బీనా అగర్వాల్ దీన్ని ప్రశ్నించారు. ప్రకృతితో స్త్రీల సంబంధం వారి పుట్టుకలో లేదు, వారి వర్గం, ఆస్తి, రోజువారీ శ్రమ దాన్ని నిర్ణయిస్తాయి అన్నారు. నేను ఈ రెండో వాదన వైపు ఉన్నాను. "విత్తనం దాచడం ఆడవాళ్ల సంస్కృతి" అని పొగిడి, ఆ పనిని జీతం, గుర్తింపు లేకుండా మళ్లీ ఆమె నెత్తిన పెట్టడం కూడా పితృస్వామ్యమే. స్వచ్ఛంద సంస్థల మిత్రులు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. విత్తన పండుగలో బొట్టు పెట్టి కుండలు మోయించడంతో మన పని అయిపోదు.

ఎంపిక ఎలా?

ఎకరమంతా నాటు పెట్టమని నేను చెప్పను. మార్కెట్టుకు పెట్టేది పెట్టండి. సంఘంలోని ప్రతి కుటుంబం రెండు గుంటలు మాత్రం నాటు రకానికీ, సూటి రకానికీ ఉంచుకోగలిగితే చాలు. ఆ రెండు గుంటల్లో ఏం పెట్టాలన్నది స్త్రీలే నిర్ణయించాలి.

రకాన్ని చూసేటప్పుడు దుకాణదారుడు అడిగేది రెండే: దిగుబడి ఎంత, తోలు ఎంత గట్టి? మన ప్రశ్నలు వేరే ఉండాలి. కర్రలు, తీగ కట్టకుండా నేల మీద గుబురుగా పెరిగేదా? కట్టవలసి వస్తే ఆ ఖర్చు, ఆ పని ఎవరివి? మందులు ఎన్నిసార్లు కొట్టాలి, ఆ నీళ్లు మోసేదెవరు? కాయ అంతా ఒకేసారి వస్తుందా, విడతలవారీగా వస్తుందా? ధర పడిపోయి తెంపిన కూలి కూడా రాని రోజున తొక్కుకు, ఒరుగులకు పనికొచ్చే పులుపు దానికుందా? 2023 జులైలో కిలో టమాటా నూరు రూపాయలు దాటింది. అదే పంటను రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలూ చూశాం. అలాంటి రోజున నీళ్లకాయ దేనికీ పనికిరాదు, పుల్లటి నాటు కాయ ఏడాదికి సరిపడా తొక్కు అవుతుంది.

రెండో సంగతి, నాటు అని ఇచ్చినదల్లా నాటు కాదు. పొట్లం మీద 'ఎఫ్-1' అని ఉంటే అది హైబ్రిడ్డే. సందేహముంటే ఒక కాయ గింజల నుంచి ఇరవై మొక్కలు పెంచి చూడండి. అన్నీ ఒకే తీరు కాయ కాస్తే ఆ విత్తనం నిలకడైనది. తలా ఒక తీరు కాస్తే అది హైబ్రిడ్ సంతానం.

విత్తనానికి అందమైన కాయను కాదు, మంచి మొక్కను ఎంచుకోవాలి. చుట్టూ ముడత వచ్చినా తాను తట్టుకున్న మొక్క ఏది, బోరు తగ్గినప్పుడు నిలిచిన మొక్క ఏది అన్నది రోజూ కలుపు తీసే మనిషికే తెలుస్తుంది. అలాంటి మొక్కలకు గుడ్డపేలిక కట్టి గుర్తుపెట్టుకోండి. ఒక్క మొక్కతో సరిపెట్టకుండా పది పన్నెండు మొక్కల నుంచి కాయలు తీసుకోండి. టమాటా పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి ఇతర రకాలకు కొంచెం ఎడంగా పెడితే చాలు. బాగా పండిన కాయల గుజ్జును ఒకటి రెండు రోజులు పులియబెడితే గింజకున్న జిగట వదులుతుంది. నీళ్లు పోసి కలిపితే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ అడుగున నిలుస్తుంది. నీడలో ఆరబెట్టి, తడి తగలకుండా దాచితే మూడు నాలుగేళ్లు మొలుస్తుంది. ఒక గ్రాములో సుమారు 300 గింజలుంటాయి. ఎకరాకు సూటి రకాల విత్తనం 200 గ్రాములు సరిపోతుంది. అంటే ఒక సంఘానికి కావలసిన విత్తనం ఒక చిన్న డబ్బాలో పడుతుంది. ఈ పని అసాధ్యమైనదేమీ కాదు.

చట్టం ఏమంటోంది?

2001లో చేసిన మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం మనకు చాలా ముఖ్యమైనది. 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకమైనా ఈ హక్కు ఉంటుంది. దాన్ని బ్రాండ్ పేరుతో మాత్రం అమ్మకూడదు. 2019లో గుజరాత్‌లో బంగాళాదుంప రైతుల మీద కేసులు వేసిన పెప్సికో కంపెనీ వాటిని ఉపసంహరించుకోవలసి వచ్చింది. అప్పుడు రైతులు ఆసరాగా తీసుకున్నది ఈ సెక్షనునే.

ఇంతకంటె ముఖ్యమైనది ఆ చట్టంలో 'రైతు' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. సాగుచేసేవారే కాక, సంప్రదాయ రకాలను ఒంటరిగా గానీ ఇతరులతో కలిసి గానీ కాపాడేవారు, ఎంపిక ద్వారా వాటి విలువ పెంచేవారు కూడా రైతులే. ఎక్కడా పట్టా అడగలేదు. పేలిక కట్టి మొక్కను గుర్తుపెట్టే స్త్రీ ఈ చట్టం దృష్టిలో రైతు.

బయట పరిస్థితి ఇందుకు భిన్నం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నిర్వహించేవారిలో స్త్రీలు దాదాపు 14 శాతమే. మన రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు చట్టం 1986లోనే వచ్చినా, పట్టా పుస్తకం మీద పేరు మారడానికి ఇళ్లలో ఇంకా యుద్ధమే. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవారికే సాయం ఇచ్చింది. చెలకలో దినమంతా ఉండే కౌలు రైతు స్త్రీకి, భర్త పేరిట పట్టా ఉన్న స్త్రీకి అది నేరుగా అందలేదు. ఒక చట్టం ఆమెను రైతు అంటోంది, మిగిలిన వ్యవస్థ అంతా ఆమెను రైతు భార్య అంటోంది. మొదటి చట్టాన్ని వాడుకుని రెండోదాన్ని ప్రశ్నించాలి.

దీనికి దారి చూపినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత స్త్రీలు జొన్న, కొర్ర, కంది విత్తనాలను ఊరూరా విత్తన బ్యాంకులుగా నిలిపారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వారు విత్తనం నిలిపింది సంఘంగా, భూమి మీద సామూహిక సాగుతో కలిపి. కూరగాయల విత్తనంలో ఆ పని ఇక్కడ మనం మొదలుపెట్టాలి.

అందుకు నా సూచనలు నాలుగు. నారు పోసేముందు ప్రతి ఊరిలో స్త్రీలు కూర్చుని తమకు కావలసిన గుణాల జాబితా రాసుకోవాలి. సంఘానికి ఒక విత్తనాల పుస్తకం ఉండాలి. అందులో రకం పేరు, అది ఎవరి దగ్గరినుంచి వచ్చింది, ఎవరు ఎంపిక చేశారు అన్నవి ఆ స్త్రీ పేరుతో, కుటుంబ యజమాని పేరుతో కాకుండా, నమోదుచేయాలి. విత్తనం తీసి నిలిపే రోజులకు సంస్థలు తమ బడ్జెట్టులో కూలి చూపాలి. అది సేవ కాదు, పని. నిలకడగా వచ్చిన రకం ఉంటే రైతుల రకంగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాలి, దానికి రైతుల నుంచి రుసుము తీసుకోరు. ఆ దరఖాస్తులో రైతు పేరు రాసే గడిలో స్త్రీ పేరే ఉండాలి.

మృగశిర కార్తె రాకముందే మొదటి సమావేశాలు జరగాలి. ఇవాళ ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎవరింట్లో నాటు గింజలున్నాయో వెళ్లేలోగా ఆ పుస్తకంలో మొదటి పేజీలో రాయించి వెళ్లండి. వాటిని ఈ వానాకాలం ఏ రెండు గుంటల్లో వేయాలో అక్కడే తేల్చుకుందాం.