కాలువకు దిక్కెవరు?



మన కెమ్నిట్జ్ నది సరుకు పడవలు నడిచేది కాదు. కాని దాని నీరు ముల్డే ద్వారా చేరే ఎల్బే పెద్ద జలమార్గం. అటువంటి వాటికి యజమాని కేంద్రమేనని జర్మనీ రాజ్యాంగం 89వ అధికరణం చెబుతుంది. పడవలకు తగిన లోతు, లాకులు చూసుకునేది ఒకే కేంద్ర శాఖ.

మన పెద్దలెరిగిన బకింగ్‌హాం కాలువ సంగతి చూడండి. 1877–78 కరవులో పేదలు కూలికి తవ్విన భాగం అందులో ఉంది. శ్రీహరికోట కట్టెలు పడవల మీద మద్రాసు చేరేవి. 1966, 1976 తుపానులకు అది బాగా దెబ్బతిన్నది. 2008లో 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. కాలువ రాష్ట్రాలది, జలమార్గం కేంద్రానిది; పాత పడవల బారులు మాత్రం తిరిగి రాలేదు.

బిడ్డలారా, పేరు పెడితే చాలదు. పూడిక తీసే చేయి కావాలి. ఊరు వెళ్ళినప్పుడు ఆ గట్టు చూసి, ‘దీని బాధ్యత ఎవరిది?’ అని అడగండి. సెలవు.