రొయ్యపిల్ల వెంట రోగం రాకూడదు

ఎర్ర సముద్ర తీరంలో హ్యాచరీల్లో, చెరువుల మీద పనిచేస్తూ ఈ సభకు వచ్చిన తెలుగు సోదర సోదరీమణులారా!

తల్లి రొయ్య ఒక దేశంలో, హ్యాచరీ మరో ఊళ్లో, చెరువు ఇంకో తీరంలో ఉండే సాగు మనది. పిల్లల ప్రయాణం తప్పదు. వాటితో రోగం ప్రయాణించడాన్ని మాత్రం ఆపవచ్చు. 1993లో చైనా నుంచి తెచ్చిన పిల్లలతో తెల్లమచ్చ తెగులు జపాన్‌లో అడుగుపెట్టింది. 1994లో మన కోస్తా టైగర్ రొయ్య చెరువులను ముంచింది. అందుకే 2009లో మన దేశంలో వనామీ రొయ్య సాగును అనుమతించినప్పుడు, విదేశీ తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే హ్యాచరీ చేరాలని నియమం పెట్టారు.

సౌదీ అనుభవం మరో పాఠం చెబుతుంది. ఇక్కడ మొదట పెంచినది ఈ సముద్రపు తెల్ల రొయ్యనే. 2010 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ ఆ చెరువులను దెబ్బతీసింది. శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే, అప్పటివరకు నమోదు కాని జన్యురూపం బయటపడింది. అంటే వైరస్ బయటి నుంచి తెచ్చిన పిల్లలతోనే కాక, చుట్టుపక్కల నుంచీ రావచ్చు; పిల్లలను మాత్రమే కాపాడితే చాలదు. నీటిని వడకట్టాలి, పీతలు రాకుండా కంచె, పక్షులు రాకుండా వల కట్టాలి. ఆ దెబ్బ తర్వాతే ఇక్కడి సాగు నిర్దిష్ట రోగాలు లేని వనామీ వైపు మళ్లింది.

‘రోగరహితం’ అంటే రోగాన్ని తట్టుకుంటుందని కాదు. జాబితాలోని క్రిములు దానిలో లేవని మాత్రమే. వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష ధ్రువపత్రానికీ హద్దుంది. 150 పిల్లలను పరీక్షిస్తే, నూటికి రెండింటికి రోగమున్న గుంపును 95 శాతం నమ్మకంతో పట్టగలం. అంతకన్నా తక్కువగా ఉంటే తప్పిపోవచ్చు. కాబట్టి పరీక్ష తర్వాత కూడా కొత్త సీడును, అంటే రొయ్యపిల్లలను, వేరుగా ఉంచి గమనించాలి. సంచిలో వచ్చిన నీటిని చెరువులో పోయకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం దాపరికం. చెరువులో రొయ్య చస్తోందని తెలిసీ, క్లోరిన్ వేయకుండా ఆ నీటిని కాలువలోకి వదిలితే, పొరుగువాడి పంట మన చేతులతో పోయినట్టే. సీడు అమ్మేవాడు పరీక్ష ఫలితాన్ని దాచినా అంతే. తెగులు సోకిందని వెంటనే చెప్పిన రైతును నిందించడం మానాలి. చెబితే నష్టపోతానన్న భయం ఉన్నంతకాలం ఏ నియమమూ నిలవదు.

మీకు నా విన్నపాలు రెండు. ప్రతి సీడు లోడుకీ ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పరీక్షించారు, ఏ చెరువులో వేశారు అన్నది రాసిపెట్టండి. ఇక్కడ నేర్చిన జాగ్రత్తలను తేలిక తెలుగులో రాసి నెల్లూరు, భీమవరం రైతులకు చేర్చండి. ఈ రెండు పనులూ రేపటి నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.