చెట్టు ఎందుకు ఎండింది?



సిద్దిపేట దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ఇంటి ముందు పెద్ద వేపచెట్టు ఉంది. అత్త కాపురానికి వచ్చిన ఏడు నాటిన చెట్టు. ఎండాకాలం మంచాలు దాని కిందనే. బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు పట్టుకొని ఆ నీడకే వచ్చేవాళ్లు. ఉగాదికి పువ్వు కావాలన్నా, బోనాలకు మండలు కావాలన్నా ఆ వాడకంతా ఆ చెట్టే.

2021లో వానలు పడ్డ తర్వాత ఆ చెట్టు ఎండబట్టింది. ముందు కొమ్మల కొసలు మాడినయి. తర్వాత ఆకు గోధుమ రంగుకు తిరిగింది. కొన్ని వారాలకే చెట్టంతా మంట తగిలినట్టు అయింది.

అత్త భయపడ్డది. "అమ్మవారికి కోపం వచ్చింది బిడ్డా" అన్నది. వాడలో వాళ్లకు పక్కింటామె మీద అనుమానం. ఆమెకు మొగుడు లేడు. ఒంటరిది. ఆకులు తన వాకిట్లో రాలుతున్నయని ఎప్పుడో ఒకసారి కొట్లాడింది. అది పట్టుకున్నారు. "యాసిడ్ పోసింది" అని ఒకరు. "కండ్లు పెట్టింది" అని ఇంకొకరు. "ఆమెకు మంత్రాలు వస్తయట" అనే దాకా పోయింది మాట. ఇట్లాంటి మాట ఎంత దూరం పోతుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు.

ఇంతలో కట్టెల వ్యాపారి వచ్చాడు. "ఎట్లాగూ చచ్చింది గదా. కొట్టుకపోతా" అని పైసలు తీశాడు.

కోడలు ఒప్పుకోలేదు. "నాలుగు రోజులు ఆగి రా" అన్నది. తర్వాత చెట్టు దగ్గరకు పోయింది.

మొదట చెట్టు మొదలు చూసింది. చుట్టూ గడ్డి పచ్చగా ఉంది. చీమలు తిరుగుతున్నాయి. యాసిడ్ పోస్తే ముందు గడ్డి మాడుతుంది గదా! బెరడు మీద గొడ్డలి గాటు లేదు. రంధ్రం లేదు. చెదలు లేవు.

తర్వాత తల ఎత్తి చూసింది. వేరు చెడితే చెట్టంతా ఒక్కసారి వాడుతుంది. ఈ చెట్టు అట్లా వాడలేదు. కొసల నుండి కిందికి ఎండుకుంటూ వచ్చింది.

చివరికి ఒక కొమ్మ వంచి, గోరుతో బెరడు గీకింది. కొసన లోపల గోధుమ రంగు. పుల్ల పుటుక్కున విరిగింది. మూరెడు కిందికి వచ్చి మళ్లీ గీకింది. పచ్చగా ఉంది. తడి ఉంది! చెట్టు చావలేదు.

మర్నాడు ఊరంతా తిరిగి చూసింది. చెరువు కట్ట మీద వేపలు ఎండినయి. రోడ్డు పక్క వేపలు ఎండినయి. వాటి నడుమ ఉన్న కానుగలు, చింతలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇంటికి వచ్చి అత్తతో అన్నది. "ఇన్ని వేపలకు పక్కింటామె ఒక్కతే యాసిడ్ పోసిందా అత్తమ్మా?" అత్త ఏం చెబుతుంది?

ఇది ఒక తెగులు. కొమ్మ ఎండు తెగులు అంటారు. కంటికి కనిపించని బూజు దీనికి కారణం. మైసూరు విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1997లో ఈ బూజును గుర్తించి పేరు పెట్టారు. ఫోమాప్సిస్ అజాడిరక్టే అని. నోరు తిరగని పేరు, గుర్తు పెట్టుకోకున్నా ఏం కాదు. తెలంగాణలో ఇది 2019లో కనిపించింది. 2021లో చాలా జిల్లాల్లో వేపలు మాడిపోయాయి. వాన చినుకులతో, తడి గాలితో ఇది ఒక చెట్టు నుండి ఇంకో చెట్టుకు పోతుంది. టీ దోమ అనే పురుగు కూడా తోడవుతుంది. అది లేత కొమ్మల రసం పీలుస్తుంది. అసలే నలిగిన కొమ్మకు బూజు తోడైతే ఇంకేముంది?

అందిన మేరకు ఎండు కొమ్మలు కోసి కాల్చాలి. మందు కొట్టాలనుకుంటే వ్యవసాయ అధికారిని అడిగి కొట్టాలి. దుకాణంలో ఇచ్చిందల్లా తెచ్చి వాకిట్లో చల్లవద్దు. అక్కడ పిల్లలు ఆడతారు, నీళ్ల కుండలు ఉంటాయి. మందు కొట్టిన చెట్టు పుల్లతో పండ్లు తోమవద్దు.

అయితే అన్ని చెట్లకూ ఇదే రోగం అనుకోవద్దు. జామ సంగతి వేరు. వానాకాలం చివర ఆకులు పసుపుబారి, వాడి, చూస్తుండగానే చెట్టంతా ఎండిపోతే అది వేరు దగ్గర రోగం. గీకి చూస్తే ఎక్కడా పచ్చ ఉండదు. ఆ చెట్టును వేర్లతో సహా తీసి కాల్చాలి. అదే గుంటలో మళ్లీ జామ పెట్టవద్దు. బొప్పాయికి నీళ్లు నిలిస్తే చాలు, మొదలు కుళ్లి పడిపోతుంది. బోళ్లు తోమిన నీళ్లు దాని మొదట్లోకి వదిలేది మనమే! కాలువ తీసి కొంచెం దూరంగా పారించాలి. మామిడి మొదట్లో రంధ్రం ఉండి, కింద రంపపు పొట్టు రాలితే లోపల పురుగు ఉన్నట్టు. ఇనుప తీగతో దాన్ని లాగి చంపాలి. రంధ్రాన్ని మట్టితో మూయాలి.

తెలియకపోతే ఎండిన కొమ్మ, పచ్చి కొమ్మ రెండూ తీసుకొని రైతు వేదికకు పోవచ్చు. సిద్దిపేట జిల్లాలోనే ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అటవీ కళాశాల కూడా అక్కడే ఉంది. చెట్ల చదువు చెప్పేది అక్కడనే.

ఇక ఆ వేపచెట్టు. నాలుగు రోజులకు వ్యాపారి మళ్లీ వచ్చాడు. కోడలు అతన్ని కూడా కొమ్మ గీకి చూడమన్నది. అతను చూశాడు. ఏమీ అనకుండా పైసలు జేబులో పెట్టుకొని పోయాడు.

చలికాలం అంతా చెట్టు మోడుగానే ఉంది. ఎండలు మొదలైనంక ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. ఆ ఉగాదికి పువ్వు మాత్రం తక్కువే. మరుసటి వానాకాలం కొన్ని కొసలు మళ్లీ ఎండినయి. ఏటేటా ఇట్లాగే వస్తే చెట్టు నీరసపడుతుంది. అందుకే ఇప్పుడు కోడలు వానలు పడ్డప్పటి నుండి కొమ్మలను కనిపెట్టి చూస్తుంది.

పక్కింటామెను అంతమాట అన్నవాళ్లు తప్పు ఒప్పుకోలేదు. అత్త ఒక్కతే పోయి, ఉగాది పచ్చడి గిన్నె ఆమె గడపలో పెట్టి వచ్చింది.